ఒంటిగంట రీస్టార్ట్

మా ఇంట్లో టీవీ పైన ఒక ప్రశంసాపత్రం ఫ్రేము కట్టి ఉంది. మా ఆవిడ పెట్టించింది. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తుంది. తొంభై రోజుల పాటు సర్వర్ ఒక్కసారి కూడా పడిపోకుండా నడిపించినందుకు అభినందనలని అందులో రాసి ఉంది. కింద మేనేజరు సంతకం, పక్కన కంపెనీ ముద్ర. పోయిన నెలలో మార్కాపురంలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు వచ్చి, తమ సంచికకు నా సర్వీసులో గర్వపడే పని ఒకటి రాసిమ్మని అడిగారు. అడుగుతూ ఆ ఫ్రేము వైపే చూస్తున్నారు. సరే, దాని గురించే రాస్తాను. గర్వం సంగతి చదివాక మీరే తేల్చుకోండి.

నేను ముప్పై ఏళ్ళకు పైగా హైదరాబాదులో మిడిల్‌వేర్ మీద పనిచేశాను. అంటే మధ్యలో ఉండే సాఫ్ట్‌వేర్. ఇటు కౌంటర్లో మిషన్, అటు ఎక్కడో పెద్ద డేటాబేస్, వాటి మధ్య మాటలు మోసేది ఇది. పెళ్ళి సంబంధం కుదిర్చినవాడి లాగే, పని సవ్యంగా జరిగితే దీని ఊసు ఎవరూ ఎత్తరు, చెడితే మాత్రం అందరూ దీన్నే తిడతారు.

నా ఆఖరి పోస్టింగు మా ఊరు మార్కాపురానికే పడింది. ఒంగోల్లో ఛాతీ జబ్బుల ఆసుపత్రి నడిపే ఒక ట్రస్టు, ఊపిరితిత్తులు చెడిపోయిన కూలీలకు వైద్య కార్డులు ఇచ్చేది. కార్డుంటే ఆసుపత్రిలో మంచం, ఇంటికి ఆక్సిజన్ మిషను. కార్డు రావాలంటే ముందు వేలిముద్ర పడాలి. ఆ వేలిముద్రల పని మా కంపెనీది. జిల్లాలు విడగొట్టి చీరాల అటూ కందుకూరు ఇటూ పోయాక, మిగిలిన ప్రకాశం జిల్లాలో పడమటి వైపు మార్కాపురం, గిద్దలూరు, పొదిలిలో మూడు కేంద్రాలు పెట్టారు. ఒక్కో కేంద్రానికి ఒక్కో సర్వర్. మార్కాపురం ఎవరు పోతారంటే హైదరాబాదులో ఒక్కడూ చెయ్యెత్తలేదు. నేనెత్తాను. రెండేళ్ళలో రిటైర్మెంటు, సొంత ఊరు, ఇంటి భోజనం. ఇంకేం కావాలి?

పైగా వేలిముద్రలు సరిచూసే ఆ భాగాన్ని రాసింది కూడా నేనే. ఎవరి వేలైనా మూడుసార్లు పడకపోతే వాళ్ళ పేరు, ఫోటో 'మినహాయింపు జాబితా' అని ఒక లిస్టులోకి ఎక్కుతాయి. సాయంత్రం ఐదింటికి ఆ లిస్టు దానంతట అదే హైదరాబాదు పోతుంది. అక్కడ ఒక ఆఫీసరు ఫోటోలు చూసి సరేనంటే వారంలోపు కార్డు వస్తుంది. చక్కటి ఏర్పాటు. దీన్ని మా హైదరాబాదు ఆఫీసులో ఏసీ గదిలో కూర్చుని పరీక్షించాను. అక్కడ అందరివీ కీబోర్డు కొట్టే వేళ్ళు, పెట్టగానే పడేవి. పడని వేలు ఎలా ఉంటుందో చూడాలని వాచ్‌మన్‌ను పిలిచి ఎడంచేతి చిటికెన వేలు రెండుసార్లు పెట్టించి, పడలేదు, బాగుంది, అనుకున్నాను. రోజుకు నాలుగైదు పేర్లు ఎక్కుతాయేమో, వాటిని డిస్కు మీద రాయడం కూడా ఎందుకు, ఐదింటి దాకా మెమరీలో ఉంటే చాలదా అనుకున్నాను.

నేనెవరిననుకున్నారు? పలకల ఫ్యాక్టరీలో రాయి కోసి నునుపు పట్టిన మనిషి కొడుకుని. చిన్నప్పుడు బడి కాగితం మీద మా నాయన నిశానీ వేస్తే నల్లటి మచ్చ పడేది గానీ గీతలు పడేవి కావు. "ఏందయ్యా ఇది, వేలు పెట్టినావా, బొగ్గు పెట్టినావా?" అని హెడ్మాస్టరు నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. రాయి వేళ్ళను కూడా నునుపు పట్టేస్తుందని అప్పటి నుంచీ నాకు తెలుసు. తెలిసీ వాచ్‌మన్ చిటికెన వేలితో సరిపెట్టాను.

కేంద్రం తెరిచిన వారానికే మార్కాపురం సర్వర్ పడిపోవడం మొదలైంది. పొద్దున తొమ్మిదికి బాగానే ఉండేది, పదకొండుకు నత్తనడక, ఒంటిగంట దాటితే గుడ్లు తేలేసేది. అదే సాఫ్ట్‌వేర్ గిద్దలూరులో, పొదిలిలో శుభ్రంగా నడిచేది. మెమరీ లీకని నాకు చూడగానే తెలిసింది. కంప్యూటర్ చదవనివాళ్ళ కోసం చెబుతాను. టీ కొట్టులో యాభై గ్లాసులు ఉంటాయి. తాగినవాడు గ్లాసు తెచ్చి తొట్టిలో వేస్తాడు, కడిగి మళ్ళీ పోస్తారు. టీ అందక అలిగి పోయినవాడు తన చేతిలోని గ్లాసును గోడ మీద పెట్టి పోతాడు. దాన్ని ఎవరూ ఏరుకురారు. మధ్యాహ్నానికి పాలున్నాయి, పొయ్యి వెలుగుతోంది, గ్లాసు మాత్రం ఒక్కటీ లేదు. అంతే, కొట్టు కట్టేయాలి.

గోడ మీద గ్లాసులు ఎవరు పెడుతున్నారో వెతకడం నా ఉద్యోగం. నేను వెతకలేదు. రోజూ సరిగ్గా ఒంటిగంటకు సర్వర్ దానంతట అదే ఆగి మళ్ళీ లేచేలా టైమర్ పెట్టాను. రెండే రెండు నిమిషాల పని. మెమరీ అంతా ఖాళీ, సాయంత్రం దాకా ఢోకా లేదు. మేనేజరు ఫోన్లోనే భుజం తట్టినంత పని చేశాడు. కారణం అన్న గడిలో ఏదో ఒకటి రాయాలి కాబట్టి, 'వినియోగదారులు వేలు సరిగా పెట్టడం లేదు' అని రాశాను. ఆ వాక్యం రాసిన చెయ్యి ఇదే.

కౌంటర్లో కూర్చునే ఆపరేటరు బజారులో బట్టల దుకాణం ఉన్నవాళ్ళ కోడలు. నోరూ మంచిది, ఓపికా మంచిది. వేలు పడనివాళ్ళ కోసం బల్ల మీద ఒక నిమ్మచెక్క, కొబ్బరినూనె సీసా, పాత తువ్వాలు పెట్టుకునేది. "అవ్వా, నిమ్మకాయతో రుద్దుకో. తాతా, వేలు తలకు రాసుకొని పెట్టు, జిడ్డంటుకుంటే పడతది" అని ఒక్కొక్కరి చేత ఐదారు నిమిషాలు కుస్తీ పట్టించేది. ఒంటిగంట కాగానే, "ఇంగ మన మిషన్‌కు భోజనం టైమయింది, మనమూ తిందాం లేయండి" అని డబ్బా విప్పేది. ఆ మాటకు నేనూ నవ్వుతూ డబ్బా విప్పేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్నే చిన్నాయన వచ్చాడు. సొంత చిన్నాయన కాదు, మా నాయనతో పాటు ముప్పై ఏళ్ళు ఒకే ఫ్యాక్టరీలో ఎదురెదురుగా కూర్చుని పలకలు నునుపు పట్టినవాడు. మా నాయన పోయినప్పుడు పాడె మోసిన నలుగురిలో ఒకడు. మెట్లు నాలుగే ఉన్నా రెండుచోట్ల ఆగి ఎక్కాడు. మాట మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటున్నాడు. నన్ను చూసి మొహం విప్పారింది.

"ఏందిరా అబ్బాయా, నువ్వా ఇక్కడ పెద్ద సారువి? ఇంగ నాకేం బయం?"

నిమ్మచెక్క అయింది, నూనె అయింది, మూడుసార్లూ వేలు పడలేదు. ఆయన వేళ్ళు నేను చేతిలోకి తీసుకుని చూశాను. అద్దంలా నున్నగా ఉన్నాయి.

"పడకపోయినా పర్లేదు చిన్నాయనా. పేరు లిస్టులోకి ఎక్కింది. వారంలో మెసేజి వస్తది, కార్డు ఇంటికే వస్తది."

"ఎక్కింది గదా? నువ్వు చెప్పినావంటే అయిపోయినట్టే." పక్కనున్నవాళ్ళతో కూడా అన్నాడు: "మావోడు ఉన్నాడు ఈడ, మన పని ఆగదు."

వారం అయింది, మెసేజి రాలేదు. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ ఎక్కించాం. మళ్ళీ రాలేదు. హైదరాబాదు ఆఫీసరు బద్ధకిస్తున్నాడేమోనని నేను వాణ్ణి తిట్టుకున్నాను. కొందరికి కార్డులు వస్తూనే ఉన్నాయి మరి, లిస్టు మీద నాకెందుకు అనుమానం రావాలి? చిన్నాయన ఎప్పుడూ పొద్దున బస్సుకే వచ్చేవాడు. ఎండ ఎక్కితే ఊపిరి ఆడేది కాదు. "సాయంత్రం రాకూడదా?" అని ఎవరూ అనలేదు, అనాలని తెలియదు. అట్లా ఆరుసార్లు తిరిగాడు. ఒక్కసారి కూడా నన్ను నిష్ఠూరంగా ఒక మాట అనలేదు. "పెద్ద ఆఫీసు గదా నాయనా, టైము పడతది" అని నాకే ధైర్యం చెప్పి పోయేవాడు.

అప్పుడు మా టీములోకి గిద్దలూరు అమ్మాయి ఒకతె కొత్తగా చేరింది. ఇంకా ప్రొబేషన్లో ఉంది. చేరిన మూడో రోజే గిద్దలూరు కేంద్రం నుంచి ఫోను చేసి అడిగింది: "సార్, ఒకటే కోడు మూడు ఊర్లల్లో నడుస్తాంటే మార్కాపురంలోనే ఎందుకు పడిపోతది? అక్కడ మనుషులు వేరేనా?"

"జనం ఎక్కువమ్మా" అన్నాను.

"పొదిలిలో ఇంకా ఎక్కువ సార్. లెక్క తీసినా నేను."

నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళ సర్వీసు నాది, మూడు రోజుల సర్వీసు దానిది. "అయితే నువ్వే కనుక్కో పో" అన్నాను. ఆ అమ్మాయి నిజంగానే రైలెక్కి వచ్చి, పొద్దున్నుంచి కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుంది. కంప్యూటర్ వైపు చూడలేదు, వచ్చినవాళ్ళ చేతుల వైపు చూస్తూ కూర్చుంది. ఆ రోజు చిన్నాయన ఏడోసారి వచ్చి వేలు పెట్టి పోయాడు. ఈసారి మెట్లు ఎక్కలేకపోతే ఆపరేటరమ్మ మిషన్ కిందికి తీసుకుపోయింది. పన్నెండు నలభైకి, సర్వర్ కొన ఊపిరితో ఉండగా, ఆ అమ్మాయి దాని మెమరీ మొత్తాన్ని ఒక ఫైలులోకి దించి తెరిచింది.

"సార్, ఒకసారి రండి."

వెళ్ళాను. తెర మీద పేర్లు, ఫోటోలు, వేలి బొమ్మలు. వేలు పెట్టిన ప్రతిసారీ మిషన్ నాలుగైదు బొమ్మలు తీస్తుంది, అందుకే ఒక్కో మనిషి వేలి బొమ్మ పది పదిహేనుసార్లు.

"సూడండి సార్, అందరూ పలకల పని చేసినోళ్ళే. గీతలు అరిగిపోయినాయి. మిషన్ కాదన్న ప్రతిసారీ మన కోడు ఆ బొమ్మను పట్టుకొనే కూర్చుంటాంది, వదలడం లేదు. వేలు పడితేనే వదిలేది. మా గిద్దలూరులో, పొదిలిలో ఈ పని చేసేవాళ్ళు తక్కువ, అందుకే అక్కడ నిండలేదు." ఆ అమ్మాయి మొహం వెలిగిపోతోంది. లీకు దొరికిన సంతోషం ఎలా ఉంటుందో నాకు తెలుసు. తర్వాత ఆ మొహం మారింది. "సార్, ఈ మినహాయింపు లిస్టు కూడా ఇక్కడే ఉంది. డిస్కు మీద ఎక్కడ రాస్తాంది?"

"రాయదు."

"అంటే... ఒంటిగంటకు?"

"పోతుంది."

"రోజూనా?"

టైమర్ పెట్టి ఏడాదిన్నర. పొద్దున వచ్చి వేలు పడనివాళ్ళందరినీ ఏడాదిన్నరగా రోజూ ఒంటిగంటకు నేనే తుడిచేస్తున్నాను. మధ్యాహ్నం వచ్చినవాళ్ళ పేర్లు ఐదింటికి పోతున్నాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు. పల్లెల నుంచి వచ్చే రోగులు పొద్దున బస్సుకు కాక ఇంకెప్పుడు వస్తారు?

ఆ అమ్మాయి అప్పటికే నోటుపుస్తకం తీసి పేర్లు రాసుకుంటోంది. ఇరవై మూడు మంది. మూడో పేరు చిన్నాయనది. "టైమర్ ఆపినా అదే పడిపోతది సార్. ఫోటోలు ఈ ఫైల్లో ఉన్నాయి. పేర్లు, ఫోటోలు మెయిల్లో పంపిద్దాం, ఈ పొద్దు వాళ్ళైనా మిగుల్తారు."

మేనేజరుకు ఫోను చేశాను. లీకు దొరికిందనగానే ఎగిరి గంతేశాడు. లిస్టు సంగతి చెప్పగానే గొంతు తగ్గించాడు. "సార్, మీకు తెలియనిదేముంది? ఈ ఇరవై మూడు పేర్లు మెయిల్లో పంపితే ట్రస్టువాళ్ళు ఏమంటారు? ఇన్నాళ్ళవి ఏమయ్యాయని అడగరా? కాంట్రాక్టు రెన్యువల్ టైమ్ ఇది. లీకు ఫిక్స్ చేసేయండి, రీస్టార్ట్ తీసేయండి, లిస్టు దానంతట అదే వెళ్తుంది. వీళ్ళంటారా, మళ్ళీ వస్తారు కదా."

"అవును, మళ్ళీ వస్తారు" అన్నాను.

ఫోను పెట్టేశాక ఆ అమ్మాయి కాగితం చింపి నా చేతిలో పెట్టింది. "మీరు పంపండి సార్. మీ పేరు మీద పోతే కాదనరు. నేను పంపితే నన్ను తీసేస్తారు."

నా రిటైర్మెంటుకు నాలుగు నెలలుంది. నా కాగితాలన్నీ ఆ మేనేజరు చేతిలోనే ఉన్నాయి. భయపడ్డాను. ఇంకో మాటేదీ చెప్పను, భయపడ్డాను. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "చూస్తాలేమ్మా" అన్నాను. ఒంటిగంటకు తెర నల్లబడి మళ్ళీ వెలిగింది. మేమిద్దరం చూస్తూనే ఉన్నాం. ఆపరేటరమ్మ డబ్బా విప్పి, "రండి సార్, చల్లారిపోతది" అని పిలిచింది.

ఆ అమ్మాయి రాసిన సవరణ నాలుగంటే నాలుగు వరుసలు. ఆ నాలుగు వరుసలు నలుగురి ఆమోదం తెచ్చుకుని మార్కాపురం చేరడానికి పదహారు రోజులు పట్టింది. ఆ పదహారు రోజులూ ఒంటిగంట రీస్టార్ట్ జరుగుతూనే ఉంది. మధ్యలో ఒకరోజు ఆ అమ్మాయి అడిగింది: "సార్, ఆ పేర్లు పంపినారా?"

"పంపాను. జవాబు రాలేదు" అన్నాను.

"థాంక్స్ సార్" అంది. నమ్మింది పాపం.

చిన్నాయన ఇంటికి పోయి, జరిగింది చెప్పకుండా, ఇంకొక్కసారి సాయంత్రం పూట కారులో తీసుకొచ్చి వేలు పెట్టిద్దామని రోజూ అనుకునేవాణ్ణి. ఏ మొహం పెట్టుకుని పోవాలో తెలియక రోజూ మానేసేవాణ్ణి. పదిహేడో రోజు, సవరణ ఎక్కి సర్వర్ తొలిసారి పూర్తి రోజు నిలబడ్డాక, కారేసుకుని పోయాను. ఇంటి ముందు ఎవరివో చెప్పులు చాలా ఉన్నాయి. ఆయన పోయి అప్పటికి వారం. ఆ అమ్మాయి పేర్లు రాసిన పదో రోజున పోయాడు. కార్డు రావడానికి వారం చాలు. ఆ లెక్క నేను వేసుకోలేదని మీరు అనుకోవద్దు.

చిన్నమ్మ నన్ను చూసి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "వచ్చినావా నాయనా... ఫోను దిండు కిందే పెట్టుకొని పండుకునేవాడు. టింగుమంటే సాలు, 'మావోడి మెసేజేమో సూడే' అనేవాడు. అన్నీ ఫోను కంపెనీవోళ్ళవే వచ్చేవి."

ఆ మాటలంటూనే దగ్గు ఆమెను పట్టుకుంది. ఆమె కూడా ఇరవై ఏళ్ళు అదే ఫ్యాక్టరీలో, అదే దుమ్ములో పలకలు తుడిచిన మనిషి. దినకర్మలు అయ్యాక నేనే కారులో కేంద్రానికి తీసుకుపోయాను. నిమ్మచెక్క, నూనె, మూడుసార్లు. వేలు పడలేదు. పేరు లిస్టుకెక్కింది. పొద్దున పదిన్నరకే ఎక్కింది. ఒంటిగంట దాటింది, ఏమీ కాలేదు. ఐదింటికి లిస్టు పోయింది. ఆరో రోజున కార్డు వచ్చింది.

నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. రెండు పక్కలా తిప్పి చూసింది. "ఇంతేనా? దీనికేనా ఏడుసార్లు తిరిగినాడు?" అంది. ఇంతే చిన్నమ్మా, అన్నాను. మిగతాది చెప్పలేదు.

తొంభై రోజులకు ప్రశంసాపత్రం వచ్చింది, నా ఒక్కడి పేరు మీద. ఆ అమ్మాయి అప్పటికి వేరే కంపెనీకి పోయింది. ఆ ఇరవై మూడు పేర్ల కాగితం నా దగ్గరే ఉంది. మిగతా ఇరవై రెండు మందిలో ఎవరు మళ్ళీ వచ్చారో, ఎవరు రాలేకపోయారో నేను వెతకలేదు. వెతకాలంటే ఎందుకు వెతుకుతున్నానో చెప్పాలి. అంతకు ముందు ఏడాదిన్నరలో పోయిన పేర్లకైతే కాగితం కూడా లేదు. పిల్లలూ, లీకు కనిపెట్టడం గురించి మీ పాఠంలో ఉంటుంది, నేను చెప్పక్కర్లేదు. మీ జేబులోకి అట్లాంటి కాగితం ఒకటి వచ్చిన రోజున, అన్నం డబ్బా తెరవకముందే పంపించేయండి.

ఉగాది ముందు చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. ఆక్సిజన్ మిషన్ బాగా పనిచేస్తోందని చెప్పడానికి వచ్చింది. మా ఆవిడ అలవాటు ప్రకారం ఆ ఫ్రేము చూపించింది. చిన్నమ్మకు చదువు రాదు. "ఏందమ్మా అది, ఎందుకిచ్చినారు?" అని అడిగింది.

"మార్కాపురంలో మిషన్ ఆగకుండా నడిపించినందుకు అత్తా" అంది మా ఆవిడ.

చిన్నమ్మ కళ్ళు తుడుచుకుంటూ నా వైపు చూసి నవ్వింది.

"అదే అనేవాడు మీ చిన్నాయన, ఆకరు రోజు దాకా. మావోడు ఉన్నాడు ఆడ, మన పని ఆగదు అని."